తప్పిపోయిన పూర్వీకుడి జాడ: ఐర్లండ్ కుటుంబ చరిత్ర పరిశోధన

1. పరిచయం

చారిత్రక ఆధారాలు ప్రాథమికం, ద్వితీయం అని రెండు రకాలని మీకు తెలుసు. ఆ ఆధారాలలో చాలాభాగం కాలిపోయిన దేశంలో ఒక మామూలు మనిషి జాడ పట్టుకోవాలంటే ఏం చేయాలి? ఈ పాఠంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం. ఆ దేశం ఐర్లండ్.

1841 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండ్‌లో 81 లక్షల 75 వేల మంది ఉన్నారు. పదేళ్ళ తర్వాత, 1851లో, ఆ సంఖ్య 65 లక్షల 52 వేలకు పడిపోయింది. మధ్యలో వచ్చింది మహాక్షామం. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. పేదల తిండి అంతా ఆ ఒక్క పంట మీదే ఆధారపడి ఉండేది. ఆకలికీ, దాని వెంట వచ్చిన జ్వరాలకూ సుమారు 10 లక్షల మంది చనిపోయారు. ఇంచుమించు అంతే మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. వలస ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆగలేదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో స్థిరపడినవారి మునిమనవలు ఇప్పుడు తమ మూలాలు వెతుక్కుంటున్నారు. చాలా ఇళ్ళలో మిగిలింది ఒక పేరు, ఒక జిల్లా పేరు, "అప్పట్లో ఓడ మీద వచ్చాడట" అనే ఒక మాట, అంతే.

ఇటువంటి పరిశోధనలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. "రికార్డులో దొరకలేదు" అన్నదాన్ని "అక్కడ లేడు" అని అర్థం చేసుకుంటారు. ఈ రెండూ ఒకటి కావు. మనిషి అక్కడే ఉండి ఉండవచ్చు. కాగితం కాలిపోయి ఉండవచ్చు, పేరు మరోలా రాసి ఉండవచ్చు, లేదా మనం తప్పు ఊళ్ళో వెతుకుతూ ఉండవచ్చు. వీటిలో అసలు కారణం ఏదో ముందు తేల్చుకోవాలి.

2. కాలిపోయినవి, మిగిలినవి

1922 జూన్ నెలాఖరులో ఐర్లండ్ అంతర్యుద్ధం మొదలైంది. డబ్లిన్ నగరంలో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనాల సముదాయం ఉంది. దాని ఆవరణలోనే పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఉండేది. జూన్ 30న జరిగిన పేలుడులో, దాని వెంట వచ్చిన మంటల్లో ఆ కార్యాలయం ఖజానా నాశనమైంది. ఏడు వందల ఏళ్ళ పత్రాలు బూడిదయ్యాయి.

అందువల్ల "ఐర్లండ్ రికార్డులన్నీ 1922లోనే పోయాయి" అనే మాట బాగా వ్యాపించింది. ఇది సగం నిజం. జనాభా లెక్కలనే తీసుకోండి. 1821, 1831, 1841, 1851 లెక్కల పత్రాలు, కొద్ది తునకలు తప్ప, ఆ మంటల్లోనే పోయాయి. కాని 1861, 1871 పత్రాలను ప్రభుత్వమే లెక్కలు తేలిన కొద్దికాలానికి నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలను మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితం గుజ్జు చేసేశారు. యుద్ధం తీసుకుపోయినదాని పక్కన కార్యాలయ ఉత్తర్వులు తీసుకుపోయినదాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. పూర్తిగా మిగిలిన పాత లెక్కలు 1901, 1911 సంవత్సరాలవి. వీటిని ఐర్లండ్ జాతీయ పురాభిలేఖాగారం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది.

చర్చి పుస్తకాల సంగతి వేరు. ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా డబ్లిన్‌లో భద్రపరచినందువల్లే కాలిపోయాయి. కాథలిక్ పారిష్‌ల రిజిస్టర్లు ఎవరి చర్చిలో వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి, అందుకే బతికాయి. 2015 నుంచి వాటి ఛాయాచిత్రాలను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా చూడనిస్తోంది. దేశ జనాభాలో అత్యధికులు కాథలిక్కులు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. అయితే పేద పారిష్‌లలో ఈ పుస్తకాలు 1820ల తర్వాతగాని మొదలు కాని సందర్భాలు చాలా ఉన్నాయి.

ప్రభుత్వ నమోదు కూడా 1922 మంటల్లో పోలేదు. కాథలికేతర వివాహాల నమోదు 1845లో ప్రారంభమైంది. అందరి జనన, మరణ, వివాహాల నమోదు 1864 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. జనన నమోదులో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. వివాహ నమోదులో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. మరణ నమోదులో మాత్రం చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఒకే పేరున్న ఇద్దరిలో ఎవరు పోయారో ఆ కాగితం ఒక్కటీ చూసి చెప్పలేం.

కాలిపోయినదానికి బదులు దొరికే ఆధారాలకు మంచి ఉదాహరణ వృద్ధాప్య పింఛను. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి 70 ఏళ్ళు దాటిన పేదలకు పింఛను ఇవ్వడం ప్రారంభించారు. వయసుకు రుజువేది? 1864కు ముందు పుట్టినవారికి జనన నమోదు లేదు. అందుకని వృద్ధులు తమ తల్లిదండ్రుల పేర్లు, తాము చిన్నప్పుడు ఉన్న ఊరు రాసి దరఖాస్తు పంపేవారు. డబ్లిన్‌లో గుమాస్తాలు 1841, 1851 జనాభా లెక్కలు తిరగేసి, ఆ కుటుంబం కనిపిస్తే పిల్లవాడి వయసు ఆ ఫారం మీదే రాసేవారు. తర్వాత అసలు లెక్కలు కాలిపోయాయి. ఈ ఫారాలు మాత్రం వేల సంఖ్యలో మిగిలాయి. ఒక ముసలమ్మ నాలుగు షిల్లింగులో, అయిదు షిల్లింగులో పింఛను కోసం పెట్టుకున్న అర్జీలో 1851 నాటి ఆమె కుటుంబం బతికి ఉంది.

ఈ పింఛనే మరో చిక్కు కూడా తెచ్చింది. 1901లో 56 ఏళ్ళని రాయించుకున్న మనిషి 1911లో 70 ఏళ్ళని రాయించుకోవడం ఆ లెక్కల్లో మామూలే. పింఛను ఆశ ఒక కారణం. అసలు వయసు తమకే తెలియకపోవడం మరో కారణం. కాబట్టి 19వ శతాబ్దపు ఐర్లండ్ రికార్డులో వయసు కనిపిస్తే దానికి అటూ ఇటూ అయిదారేళ్ళు వదులు ఇచ్చి వెతకాలి.

3. ఊరు ఏది?

ఐర్లండ్‌లో 32 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. కౌంటీలో బారనీలు, వాటిలో పౌర పారిష్‌లు, అన్నిటికన్నా కింద టౌన్‌లాండ్‌లు ఉంటాయి. పేరులో టౌన్ ఉన్నా టౌన్‌లాండ్ పట్టణం కాదు. కొన్ని పొలాలు, కొన్ని ఇళ్ళు కలిసిన చిన్న ప్రదేశం. దేశం మొత్తంలో ఇవి 60 వేలకు పైగా ఉన్నాయి. ఒకే పేరు పదిచోట్ల కనిపించడం సాధారణం.

పరిశోధకులను తికమక పెట్టేది ఈ సంఖ్య ఒక్కటే కాదు. కాథలిక్ పారిష్ హద్దులు పౌర పారిష్ హద్దులతో కలవవు. జనన మరణాల నమోదు జిల్లాలు పేదల సహాయ చట్టం కింద ఏర్పడిన యూనియన్ల హద్దులను అనుసరించాయి. ఇవి కౌంటీ హద్దులను దాటుకుని పోతాయి. కనుక ఒక కౌంటీలో పుట్టిన బిడ్డ జననం పక్క కౌంటీ పట్టణం పేరుతో నమోదై ఉండవచ్చు. "మా తాత ఈ కౌంటీ మనిషి, ఈ రికార్డు ఆయనది కాదు" అని పక్కన పెట్టేసిన కాగితమే ఆయనది కావచ్చు.

అమెరికా వైపు పత్రాలలో పుట్టిన చోటు గడిలో ఎక్కువగా "ఐర్లండ్" అని మాత్రమే ఉంటుంది. 1901, 1911 లెక్కల్లో కూడా ఐర్లండ్‌లో పుట్టినవారికి కౌంటీ లేదా నగరం పేరు మాత్రమే అడిగారు. టౌన్‌లాండ్ తెలియనిదే పాత రిజిస్టర్లలో ముందుకు పోలేం. అందువల్ల అనుభవం ఉన్న పరిశోధకులు ముందు మనిషిని కాక ఊరిని వెతుకుతారు.

4. పేరు ఏది?

తెలుగువారికి ఇంటిపేరు అంటే స్థిరమైనది అనే భావం ఉంది. ఐర్లండ్‌లో 18, 19 శతాబ్దాలలో ఇంటిపేరు స్థిరంగా లేదు. "ఓ", "మాక్" అనే పూర్వపదాలు చాలా కుటుంబాల్లో జారిపోయాయి. 19వ శతాబ్దం చివర జాతీయ భావం పెరిగినప్పుడు మళ్ళీ వచ్చి చేరాయి. తాత సలివన్, మనవడు ఓసలివన్. ఐరిష్ భాషలో "కమ్మరి కొడుకు" అనే అర్థమున్న మాక్ గౌన్, ఇంగ్లీషు గుమాస్తా చేతిలో స్మిత్ అయింది. ఇది అనువాదమే, కాని అక్షరక్రమంలో వెతికేవాడికి ఆ కుటుంబం అదృశ్యమైపోతుంది.

అసలు పేర్లకూ ఇదే గతి. కాథలిక్ పూజారులు తరచు లాటిన్‌లో రాసేవారు. జేమ్స్ జకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. బ్రిజిడ్ అనే అమ్మాయి ఇంట్లో బిడ్డీ, అమెరికాలో డెలియా. హొనోరా నోరా అవుతుంది.

పేర్లు పెట్టే ఆచారం మాత్రం మనకు తోడ్పడుతుంది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం చాలా కుటుంబాల అలవాటు. తాత పేరు మనవడికి పెట్టడం చూసిన మనకు ఇది వింతగా తోచదు. అయితే ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. పైగా అన్నదమ్ములు ముగ్గురూ తమ పెద్ద కొడుకులకు ఒకే తాత పేరు పెడితే, ఒకే టౌన్‌లాండ్‌లో ఒకే పేరున్న ముగ్గురు కుర్రాళ్ళు తయారవుతారు. వీళ్ళలో మన మనిషి ఎవరు? ఐర్లండ్ పరిశోధనలో అసలు కష్టం తరచు ఇక్కడే ఉంటుంది. రికార్డు లేకపోవడం కంటే ఒకే పేరుకు మూడు రికార్డులు దొరకడం ప్రమాదకరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1911 లెక్కల్లో వివాహిత స్త్రీలను పెళ్ళయి ఎన్నేళ్ళయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు అని అడిగారు. ఒక తల్లి "ఎనిమిది మంది పుట్టారు, ఆరుగురు ఉన్నారు" అని చెప్పింది అనుకోండి. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురే కనిపిస్తున్నారు. మిగిలిన ముగ్గురిని, చనిపోయిన ఇద్దరిని ఏయే రికార్డులలో వెతుకుతారు? తర్వాతి విభాగానికి పోయే ముందు ఒక పేజీలో రాయండి.

5. చుట్టుపక్కల వాళ్ళను అడగడం

మనిషి నేరుగా దొరకనప్పుడు అతని చుట్టూ ఉన్నవాళ్ళను వెతకాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పెళ్ళి సాక్షులు, జ్ఞానస్నానంలో జ్ఞాన తల్లిదండ్రులుగా నిలిచినవారు, పక్కింటి కౌలుదార్లు. రిజిస్టర్‌లో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లను చాలామంది దాటేస్తారు. వాళ్ళు సాధారణంగా మేనమామో, పినతల్లో అయి ఉంటారు. ఆ పేరే తర్వాత న్యూయార్క్‌లో అదే వీధిలో కనిపిస్తుంది. ఊళ్ళకు ఊళ్ళు ఒకరి వెంట ఒకరు వలస పోయిన కాలమది.

ఇరుగుపొరుగు తెలిసే గొప్ప ఆధారం గ్రిఫిత్ వాల్యుయేషన్. రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో పన్ను నిర్ణయం కోసం దేశమంతటా ఇళ్ళు, భూముల విలువ కట్టి, 1847 నుంచి 1864 వరకు అచ్చు వేశారు. ప్రతి టౌన్‌లాండ్‌లో అనుభవదారు ఎవరు, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నాడు, ఎంత భూమి, ఎంత విలువ అనేవి ఇందులో ఉన్నాయి. పిల్లల పేర్లుండవు. స్త్రీ పేరు ఉందంటే ఆమె తరచు వితంతువు. ఒకే పేరున్న ఇద్దరుంటే పక్కన తండ్రి పేరో, మారుపేరో చేర్చడం ఇందులోని మేలు. ఇంతకు ముందటి తరానికి 1823 నుంచి 1837 వరకు తయారైన టైత్ పన్ను పుస్తకాలు ఉన్నాయి. వాటిలో వివరాలు తక్కువ.

గ్రిఫిత్ తర్వాత కూడా అధికారులు ఆ పట్టీలను సవరిస్తూ వచ్చారు. అనుభవదారు మారితే పాత పేరు కొట్టేసి, రంగు సిరాతో కొత్త పేరు, పక్కన సంవత్సరం రాశారు. కొట్టేసిన ఆ పేరు దగ్గర ఆగండి. ఆ సంవత్సరంలో లేదా దానికి కొంచెం ముందు ఆ మనిషి చనిపోయి ఉండాలి, వలస పోయి ఉండాలి, లేదా భూమి పోగొట్టుకుని ఉండాలి. మరణ నమోదులో ఏయే సంవత్సరాలు వెతకాలో దీనితో తెలిసిపోతుంది.

తప్పిపోయినవాళ్ళను వెతకడం మన తరంతో మొదలు కాలేదు. బోస్టన్ నగరంలో వెలువడిన పైలట్ అనే కాథలిక్ పత్రిక 1831 నుంచి 1921 వరకు తప్పిపోయిన బంధుమిత్రుల కోసం ప్రకటనలు వేసింది. మొత్తం 40 వేలకు పైగా ప్రకటనలు వచ్చాయి. భర్త కోసం భార్య, కొడుకు కోసం తల్లి, అన్న కోసం చెల్లెలు ఇచ్చినవి. తమ మనిషిని ఎవరైనా గుర్తుపట్టాలి కదా, అందుకని పారిష్ పేరు, కొన్నిసార్లు టౌన్‌లాండ్ పేరు, ఏ ఏడు బయల్దేరాడు, ఏ రేవులో దిగాడు, రైలు మార్గం పనిలో ఉన్నాడా, కాలువ తవ్వకంలో ఉన్నాడా అన్నీ రాయించారు. ఓడ పట్టీలో "ఐర్లండ్" అని మాత్రమే ఉన్న మనిషికి ఊరు దొరికేది ఇక్కడ. న్యూయార్క్‌లో 1850లో వలస వచ్చినవారి కోసం ఏర్పడిన ఎమిగ్రెంట్ పొదుపు బ్యాంకు పుస్తకాలు కూడా ఇటువంటివే. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాడు అసలు ఖాతాదారే అని తేల్చుకోవడానికి గుమాస్తా అతని ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువుల వివరాలు ముందే రాసి పెట్టుకునేవాడు.

కొన్ని కుటుంబాల్లో తప్పిపోయినవాడు పడమరకు కాక తూర్పుకు వెళ్ళాడు. ఈస్టిండియా కంపెనీ తన యూరోపియన్ దళాల కోసం ఐర్లండ్‌లో పెద్దఎత్తున సైనికులను చేర్చుకుంది. మద్రాసు యూరోపియన్ రెజిమెంట్ తర్వాత మద్రాస్ ఫ్యుజిలియర్స్‌గా పేరు పొంది, కంపెనీ పాలన ముగిశాక బ్రిటిష్ సైన్యంలో కలిసి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, సికిందరాబాద్ వంటి కంటోన్మెంట్లలోనూ జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళను లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సైనికుల చేరిక పట్టీల్లో పుట్టిన చోటు, పూర్వ వృత్తి కనిపిస్తాయి. ఐర్లండ్‌లో ఏ మరణ పుస్తకంలోనూ లేని మనిషి సమాధి మన తిరుమలగిరిలో ఉండే అవకాశం లేకపోలేదు.

6. ఆనీ మూర్ ఉదంతం

పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీపం వలసదారుల కేంద్రం తెరిచారు. ఆ కేంద్రంలో మొదట పేరు నమోదైనది కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. నెవాడా అనే ఓడలో తమ్ముళ్ళు ఆంథొనీ, ఫిలిప్‌లను వెంటబెట్టుకుని వచ్చింది. తల్లిదండ్రులు అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. అధికారులు ఆమెకు 10 డాలర్ల బంగారు నాణెం బహూకరించారు. పత్రికలు ఆమెను 15 ఏళ్ళ పిల్ల అన్నాయి. నిజానికి ఆమెకు 17. ఆ రోజు తర్వాత ఆమె సంగతి లోకానికి తెలియలేదు.

తర్వాత కాలంలో ఒక కథ స్థిరపడింది. ఆ ఆనీ టెక్సాస్ వెళ్ళిందనీ, అక్కడ పెళ్ళి చేసుకుని 1923లో ప్రమాదంలో మరణించిందనీ. ఆ టెక్సాస్ కుటుంబం దీన్ని మనస్ఫూర్తిగా నమ్మింది. వారిని ఉత్సవాలకు పిలిచి గౌరవించారు. కథలో వలస ఉంది, పడమటి ప్రయాణం ఉంది, విషాదం ఉంది. వినడానికి బాగుంది. బాగున్న కథను ఎవరూ తనిఖీ చేయలేదు.

మేగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు తనిఖీ చేశారు. టెక్సాస్ ఆనీ జనాభా లెక్కల్లో తాను ఇల్లినాయ్‌లో పుట్టానని రాయించుకుంది. అంటే ఆమె వలసదారే కాదు. మరి అసలు ఆనీ ఏమైంది? మూర్ అనేది చాలా సాధారణమైన ఇంటిపేరు, పెళ్ళితో అది కూడా మారిపోయి ఉంటుంది. ఆనీని నేరుగా వెతికితే లాభం లేదు. స్మోలెన్యాక్ బహుమతి ప్రకటించి ఇతరుల సాయం కోరారు. న్యూయార్క్ నగర రికార్డుల కమిషనర్ బ్రయన్ ఆండర్సన్ కూడా అన్వేషణలో చేరారు. తాళంచెవి తమ్ముడి దగ్గర దొరికింది. ఫిలిప్ పౌరసత్వ పత్రం, ఆపై జనాభా లెక్కల్లో అతని కుటుంబం, అక్కడి నుంచి ఇంకా జీవించి ఉన్న బంధువులు. మగవాడి ఇంటిపేరు మారదు. అతన్ని పట్టుకుంటే అక్క దొరికింది.

2006లో ఫలితం వెల్లడైంది. అసలు ఆనీ పడమటికి పోనేలేదు. దిగిన రేవుకు కొద్ది దూరంలోనే, మన్‌హటన్ దక్షిణ భాగంలోని ఇరుకు ఇళ్ళ మధ్య జీవితమంతా గడిపింది. జర్మన్ వలసదారు కొడుకు జోసెఫ్ షేయర్‌ను పెళ్ళాడింది. పదిమందికి తక్కువ కాకుండా పిల్లల్ని కంది, వాళ్ళలో చాలామంది చిన్నతనంలోనే పోయారు. 1924లో మరణించింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో ఆమె సమాధికి రాయి కూడా లేదు. కోబ్ రేవులోనూ, ఎల్లిస్ ద్వీపంలోనూ ఆమెకు విగ్రహాలు నిలిచి ఉన్నా, 2008 వరకు సమాధి మీద పేరు లేదు.

టెక్సాస్ కుటుంబం మోసగించిందని అనుకోకండి. ఇంట్లో పెద్దలు చెప్పినది వాళ్ళు నమ్మారు. లోపం పద్ధతిలో ఉంది. "ఈ ఆనీ మూర్ ఆ ఆనీ మూరేనా?" అన్న ప్రశ్నకు పుట్టిన చోటు అనే ఒక్క గడి జవాబు చెప్పేది. ఆ గడిని చూడటానికి దశాబ్దాలు పట్టింది. పరిశోధకులు కుటుంబ కథను విని రాసుకోవాలి, గౌరవించాలి. కాని ఆ కథలోని ప్రతి వాక్యాన్నీ వేరే ఆధారంతో కలిపి చూసేంతవరకు వంశవృక్షంలో పెన్సిల్‌తోనే రాయాలి. నా దృష్టిలో ఈ రంగంలో పెన్సిల్‌ను మించిన పరికరం లేదు.

అభ్యాసం

ఐర్లండ్ జాతీయ పురాభిలేఖాగారం వెబ్‌సైటులో ఏదైనా ఒక టౌన్‌లాండ్ ఎంచుకుని, అందులోని ఒక కుటుంబాన్ని 1901లోనూ, 1911లోనూ చూడండి. వయసులు పదేళ్ళే పెరిగాయా? ఎవరు కొత్తగా వచ్చారు? ఎవరు కనిపించడం లేదు? కనిపించనివారిలో ఒకరిని ఎంచుకుని, వారు చనిపోయారా, పెళ్ళయి వెళ్ళారా, వలస పోయారా తేల్చడానికి ఏ రికార్డులను ఏ వరుసలో చూస్తారో, ఒక్కొక్కటి ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో రెండు పేజీలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు చూపండి.